ఎవరి బాణీ వారిదే, పాట అందరిదీ

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, తరగతిలో ఇంగ్లీషు. ఇన్ని కలిస్తే పిల్లలకు ఏదీ సరిగా రాదేమోనని తల్లిదండ్రులు మాతో అంటుంటారు. అలాంటప్పుడు మాకు ‘శక్తి’ బృందం గుర్తుకొస్తుంది.

జాజ్‌కు రాక్ హోరు జోడించిన సంగీతం ఫ్యూజన్. మైల్స్ డేవిస్ దగ్గర వాయించినవారే 1970ల్లో వెదర్ రిపోర్ట్, రిటర్న్ టు ఫరెవర్, మహావిష్ణు ఆర్కెస్ట్రా బృందాలు కట్టారు. వీటిలో చివరిదాన్ని స్థాపించిన ఆంగ్లేయుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అప్పటికే పేరున్న గిటారిస్టు. అయినా శిష్యుడిగా కూర్చుని ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకున్నారు. గమకాలు పలకాలని గిటార్ మెట్ల మధ్య చెక్కను గుంటలుగా చెక్కించుకున్నారు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం తోడై ‘శక్తి’ ఏర్పడింది. తొలి ఆల్బం 1976లో వచ్చింది.

తరువాత ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ కలిసినప్పుడు మన పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడ్డ యు. శ్రీనివాస్ చేరారు. పరాయి వాద్యమైన మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించిన ఆయన 2014లో, 45 ఏళ్లకే కన్నుమూశారు. ‘దిస్ మొమెంట్’ ఆల్బంతో శక్తికి 2024లో గ్రామీ దక్కింది.

వీరిలో ఎవరూ తమ బాణీని వదులుకోలేదు. దాన్ని క్షుణ్ణంగా నేర్చినందుకే ఎదుటివారి బాణీని అందుకోగలిగారు. భాషల సంగతీ ఇంతేనని మా నమ్మకం. వచ్చే బాలసభలో ఒక్క పాట వినిపించండి. తబలా ఏదో, ఘటం ఏదో పిల్లలనే చెప్పనివ్వండి.