విషవాయువు వస్తే సర్పంచికి చెప్పేదెవరు?

మా వూళ్లో ఫ్యాక్టరీ ఎక్కడుంది, మాకెందుకీ గోల అనే మాట తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పల్లెల్లో వింటూనే వున్నాం. కాని నిజాంపట్నం రేవులో దిగే చేపకు ఐసు కావాలి, ఐసుకు అమ్మోనియా కావాలి. పసుపు, మిర్చి దాచుకునే కోల్డ్ స్టోరేజీలకూ చాలాచోట్ల అదే వాయువు. 216వ నెంబరు జాతీయ రహదారి మీద ట్యాంకర్లు పోతూనే వుంటాయి. వాటి పలక మీద 1005 అని వుంటే అమ్మోనియా, 1017 అంటే క్లోరిన్, 1075 అంటే వంటగ్యాసు. 28-28, 14-35-14 నోటికొచ్చే రైతుకు ఈ మూడు నెంబర్లు చెప్పినవాళ్లు లేరు.

చెప్పవలసిన యంత్రాంగం కాగితం మీద వుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో పురుగుమందుల ఫ్యాక్టరీ విషవాయువు వేలమందిని పొట్టన పెట్టుకుంది. పన్నెండేళ్లకు, 1996లో, కేంద్రం రసాయన ప్రమాదాల నిబంధనలు తెచ్చింది. ఢిల్లీలో పర్యావరణ శాఖ కార్యదర్శి కింద ఒక క్రైసిస్ గ్రూపు, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి కింద ఒకటి, జిల్లాలో కలెక్టరు కింద ఇంకొకటి. జిల్లా గ్రూపు 45 రోజులకోసారి కూర్చోవాలి. అన్నిటికన్నా కింద లోకల్ గ్రూపు. ఇది నెలనెలా సమావేశం కావాలి, ఆరునెలలకోసారి మాక్ డ్రిల్లు చేయించాలి. ఫైరాఫీసరు, పోలీసు, డాక్టర్లతోపాటు సర్పంచి వంటి గ్రామపెద్దకూ, స్థానిక పత్రికా సంపాదకుడికీ అందులో చోటుంది. అడిగినవారికి సమాచారం ఇవ్వాలని కూడా రాశారు.

ఇంత పకడ్బందీగా రాసుకున్నాక జరిగిందేమిటి? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. పన్నెండుమంది చనిపోయారు, పశువులూ చచ్చాయి. కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటుంది. సైరన్ మాత్రం మోగలేదు. ఇది మేం అంటున్న మాట కాదు, రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో ఇచ్చిన నివేదికలోదే.

అక్కడైతే పెద్ద కర్మాగారం. లోకల్ గ్రూపులు పెట్టేదే పారిశ్రామిక ప్రాంతాలకు. అమ్మోనియా నిల్వ ఒక పరిమితికి లోపుంటే మన ఐసు ఫ్యాక్టరీ భారీ ప్రమాదాల లెక్కలోకే రాదు. వాల్వు వూడితే పక్క చేలో కలుపు తీసే ఆడకూలీల కళ్లు ఆ పరిమితి చూసుకుని మండవు గదా!

పైగా 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె ఒక జిల్లా అయ్యాయి, తెనాలి గుంటూరులోనే వుండిపోయింది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువకు ఈ సరిహద్దు తెలియదు. తెనాలి ఎగువన ట్యాంకరు కాలువలో బోల్తా కొడితే ఆ నీళ్లు దిగువ జిల్లా చేలకూ, మంచినీళ్ల చెరువులకూ పోతాయి. షట్టర్లు దించమని లస్కరుకు కబురు పెట్టేదెవరు? ఏ కలెక్టరు ఎవరికి ఫోను చేయాలి?

రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు మూడుచోట్లా ఆర్డీవో ఆఫీసుకు పోయి అడగాలి. మా పరిధిలో గ్రూపుందా? కిందటిసారి ఎప్పుడు కూర్చుంది? అందులో మా సర్పంచి ఎవరు? అమ్మోనియా నిల్వ చేసే చోట్ల జాబితా పంచాయతీ బోర్డు మీద ఎందుకు పెట్టలేదు? లస్కర్ల ఫోను నెంబర్లు ఫైరు స్టేషన్లో వున్నాయా? జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈలోగా చేలో వుండగా అమ్మోనియా ఘాటు తగిలితే, గాలి వీచే దిక్కుకు పరుగెత్తకుండా దానికి అడ్డంగా పోండి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి.