ధింసా నృత్యం, గిరిజన ముఖచిత్రణ: కటకం, కాంతి ఎంపిక

అరకులోయ ధింసా నృత్య చిత్రీకరణకు క్రీడాఛాయాచిత్రణ సూత్రాలే వర్తిస్తాయి. స్త్రీలు చేతులు పెనవేసుకుని వలయంగా కదిలేటప్పుడు అడుగులు స్పష్టంగా నమోదు కావాలంటే షట్టర్ వేగం సుమారు 1/500 సెకను ఉండాలి. సాయంవేళ ఎఫ్/2.8 ద్వారం గల 70–200 మి.మీ. కటకం ఉపకరిస్తుంది, ఎఫ్/5.6 కంటే అది నాలుగు రెట్లు కాంతిని గ్రహిస్తుంది.

ముఖచిత్రణ ఇందుకు భిన్నం. 24 మి.మీ. కటకంతో బాగా దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై ముఖం వికృతమవుతుంది. దీనికి మూలకారణం సామీప్యమే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 85 మి.మీ. కటకంతో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే సహజరూపం లభిస్తుంది. ఉదయపు పొగమంచు కాంతిని వ్యాపింపజేసి నీడలను మెత్తబరుస్తుంది. అప్పుడు ఫ్లాష్ అవసరం ఉండదు.

కొండరెడ్లపై హైమన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథంలోని ఛాయాచిత్రాలు నేటికీ పరిశోధనకు ఆధారాలే. కాబట్టి క్షేత్రపర్యటనకు ముందే కటకాన్ని నిర్ణయించుకోవడం పరిశోధకుని బాధ్యత. నేడు వికృతంగా నమోదైన ముఖమే రేపు ఆధారమవుతుంది.