గొంతు పెంచితే సరిపోదు!

"గట్టిగా మాట్లాడండమ్మా, వినపడట్లేదు!" హామ్ రేడియోలో మాట్లాడే ఆడవాళ్లకు ఈ మాట అలవాటే. పోనీ అని గట్టిగా మాట్లాడామా, మాట బొంగురుపోయి అసలే అర్థం కాదు. దాంతో "ఆడవాళ్ల గొంతు రేడియోకి నప్పదు" అని తేల్చేస్తారు. మా క్లబ్బులోనూ అదే తంతు. తప్పు గొంతులో ఉందా, పెట్టెలో ఉందా? అది తేల్చాలని పట్టుబట్టాం.

హామ్ రేడియో అంటే పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు తీసుకుని నడుపుకునే సొంత వైర్‌లెస్. చేతిసెట్టు సిగ్నల్ ఎంతో దూరం పోదు. అందుకే గుట్టమీదో, ఎత్తైన మేడమీదో రిపీటర్ పెడతారు. అది ఒక ఫ్రీక్వెన్సీలో మన మాట విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పంపుతుంది.

ఎఫ్.ఎం.లో మన మాటకు తగ్గట్టు ఫ్రీక్వెన్సీ ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపే డీవియేషన్. 25 కిలోహెర్ట్జ్ చానెల్‌లో అది అటు 5, ఇటు 5 కిలోహెర్ట్జ్ దాటకూడదు. తగ్గితే మాట సన్నబడి బుస్సుమనే చప్పుడులో కలిసిపోతుంది. పెరిగితే పక్క చానెల్‌లోకి చొరబడుతుంది. అందుకే సెట్టులోని లిమిటర్ హద్దు దాటిన మాటను కత్తిరించేస్తుంది. పైగా ఈ సెట్లు హెచ్చు స్వరాలను కాస్త పెంచి పంపుతాయి. కాబట్టి సన్నని గొంతుతో అరిస్తే కత్తెర ముందుగా పడేది మనకే!

మీటరు తెప్పించాం. 1 కిలోహెర్ట్జ్ టోన్‌ను 3 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో రిపీటర్‌కి పంపాం. ఎంత పంపితే అంతే బయటికి రావాలి. వచ్చింది మాత్రం 1.5! అంటే ఎవరు మాట్లాడినా సగమే వెళ్తోందన్నమాట. ముందు రిపీటర్ లిమిటర్‌ని 5 దగ్గర కట్టాం. తర్వాత ఆడియో లెవెల్ పెంచుతూ 3కి 3 వచ్చేలా సరిచేశాం. అంతే, అందరి మాటా మామూలు గొంతుతోనే తేటగా వినపడింది. మీటరుకి ఆడా మగా తేడా తెలీదు కదా!

మనవైపు జాగ్రత్తలూ ఉన్నాయండోయ్. మైకు నోటికి రెండు మూడంగుళాల దూరంలో, కొంచెం పక్కకి పెట్టుకోండి. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి, మామూలుగా మాట్లాడండి.

ఇదంతా కాలక్షేపానికేనా అనుకోకండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హామ్ భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ఆమె వాడింది రిపీటర్ కాదు, షార్ట్‌వేవ్ సెట్టు. ఫోన్లు మూగబోయిన వేళ, అయినవాళ్ల క్షేమం తెలియక అల్లాడుతున్న కుటుంబాలకు ఆ సెట్టు ద్వారానే కబుర్లు అందాయి. అలాంటప్పుడు ఒక్క పేరు తప్పుగా వినపడినా ఎంత ప్రమాదం!

మాట తేటగా వెళ్లాలంటే ముందు లెవెల్ సరిగ్గా ఉండాలి. గొంతు ఎవరిదైనా ఫర్వాలేదు.