న్యాయవాది కాగోరువారికి నగరపు ప్రైవేటు విశ్వవిద్యాలయము తగునా?

ఇంటర్మీడియెట్ ముగించి న్యాయశాస్త్రము చదువగోరు ఆత్మకూరు విద్యార్థికి నేడు రెండు దారులు కలవు. వెంటనే అయిదేండ్ల సమగ్ర కోర్సున చేరుట ఒకటి. ఏదేని డిగ్రీ పొందిన పిమ్మట మూడేండ్ల ఎల్.ఎల్.బి. చదువుట రెండవది. 1987లో బెంగుళూరునందు నెలకొన్న జాతీయ లా స్కూలు అయిదేండ్ల పద్ధతికి పేరు తెచ్చెను. విశాఖపట్నమున గీతం, హైదరాబాదున సింబయాసిస్, ఇక్ఫాయ్ వంటి ప్రైవేటు సంస్థలును నేడు ఈ కోర్సును బోధించుచున్నవి. లక్షల రూపాయలు వెచ్చించి అచ్చటికి పోవుట మనవారికి తగునా అనునదే ప్రశ్న.

మొదట చూడవలసినది గుర్తింపు. 1961 నాటి అడ్వకేట్ల చట్టము ననుసరించి, భారత బార్ కౌన్సిలు గుర్తించిన డిగ్రీ గలవారే న్యాయవాదులుగా నమోదు కాగలరు. యు.జి.సి. గుర్తింపు ఒక్కటే చాలదు. ఆమోదము ఏ కోర్సునకు, ఏ సంవత్సరము వరకు, ఎన్ని సీట్లకు గలదో వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెను. డిగ్రీ తరువాత నమోదు, అఖిల భారత బార్ పరీక్ష అందరికిని సమానమే. నమోదు రుసుము సామాన్యులకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి 125 రూపాయలు మించరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు చెప్పినది.

అసలు చిక్కు డబ్బులో నున్నది. పట్టా చేతికి వచ్చినంతనే కక్షిదారులు రారు. సీనియరు వద్ద కొన్నేండ్లు జూనియరుగా పనిచేయక తప్పదు. జూనియర్లకు పల్లెప్రాంతములలో నెలకు 15,000, పట్టణములలో 20,000 రూపాయలకు తగ్గకుండ ఇయ్యవలెనని బార్ కౌన్సిలు 2024లో సూచించెను గాని, అది సలహాయే, శాసనము కాదు. పైగా జూనియర్ సివిల్ జడ్జి పదవి కోరువారికి మూడేండ్ల ప్రాక్టీసు ఉండితీరవలెనని సుప్రీంకోర్టు 2025 మేలో నిర్ణయించినది. అప్పుచేసి చదివినవానికి ఆ మూడేండ్లు గడచుట ఎట్లు? బ్యాంకు వాయిదా ఆగదు గదా! అట్టివాడు కంపెనీ ఉద్యోగమునకు పోవును. అందు తప్పు లేదు. కాని మన కోర్టున నిలిచి వాదింపవలెనని బయలుదేరినవాడు మరల ఇటు రాడు. కావున ఖర్చును అయిదేండ్లకు గాక ఎనిమిదేండ్లకు లెక్కించవలెను.

నగరమున లాభములు లేకపోలేదు. 348వ అధికరణము ప్రకారము సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఆంగ్లము. హైకోర్టున వాదింపనెంచువారికి, కంపెనీ న్యాయము నభ్యసించువారికి మంచి గ్రంథాలయము, మూట్ కోర్టు పోటీలు, ఆంగ్ల సంభాషణ ఎంతయు ఉపకరించును. అయితే క్రింది కోర్టు తీరు వేరు. సాక్షి తెలుగున చెప్పును. క్రయపత్రములు, అడంగలు నకళ్లు, భాగపరిష్కార దస్తావేజులు చదివి అర్థము చేసికొనవలెను. 1981లో శ్రీశైలము ముంపునకు లోనైన మన ప్రాంతమున భూపరిహారమన నేమో ఎరుగనివారు అరుదు. మహర్, వక్ఫ్ వ్యవహారములలో ఉర్దూ చదువ నేర్చినవానికి అదనపు బలము కలదు. ఈ బలమును మన విద్యార్థులే తక్కువగా ఎంచుట విచారకరము.

ఇతర దారులును కలవు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయముల ప్రవేశపరీక్షయగు క్లాట్ ఆంగ్లముననే జరుగును. ఆంధ్రప్రదేశ్ లాసెట్ ప్రశ్నపత్రము తెలుగునను ఉండును. 2008లో విశాఖపట్నమున ఏర్పడిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము మన కర్నూలు సమీపపు పెద్దపాడున జన్మించిన దామోదరం సంజీవయ్యగారి పేర నున్నది. ఆయన మద్రాసు లా కాలేజీలో చదివినవారు. లాసెట్ ద్వారా ఆంధ్ర విశ్వవిద్యాలయపు లా కాలేజీలోను, బాలికలైన తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను చేరవచ్చును. ఎచ్చట చేరినను అయిదేండ్ల కోర్సున ఇరువది వారముల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి; అందు కొంతభాగమును సెలవులలో సొంత ఊరి న్యాయవాది వద్ద గడుపుట మేలు.

అడ్వాన్సు కట్టుటకు ముందు పది దినములు కోర్టు హాలులో వెనుక బల్లపై కూర్చుండి విచారణ వినుడు. సాధారణముగా కోర్టు విచారణ బహిరంగముగనే జరుగును. వినుటకు రుసుము లేదు.