వాన పడును, నీరు నిలువదు: టెక్కలి, ఉద్దానముల నీటిబాటలు



టెక్కలికి చేరువనున్న రావివలస గ్రామమున ఎండల మల్లికార్జునస్వామి వెలసియున్నాడు. ఆ లింగమునకు పైకప్పు లేదు. కప్పు వేయబూనగా నిలువలేదనియు, తన్ను తాకిన గాలి ఊరిపై వీచుటయే తనకు ప్రీతియని స్వామి కలలో ఆనతిచ్చెననియు స్థలపురాణము. వైశాఖపు టెండయు, శ్రావణపు వానయు ఆ శిరస్సుపై నేరుగనే పడుచుండును. నేడు నేను ముచ్చటింపదలచినది స్వామి మహిమను గూర్చి కాదు. ఆ శిరస్సుపై పడిన చినుకు క్రిందికి జారిన పిమ్మట ఎచటికి పోవునను సంగతిని గూర్చి.

వంశధారలోనికి పోవునని పెక్కుమంది చెప్పుదురు. శ్రీకాకుళసీమ యనగానే మనకు వంశధార, నాగావళి స్ఫురించుట సహజమే. కాని టెక్కలి పరిసరములందు పడిన వాన తనంత తాను వంశధారకు చేరదు. అది చిన్న చిన్న గెడ్డలలో బడి తూర్పుగా దిగి, నౌపడ, భావనపాడుల పల్లములలో విశ్రమించి, ఉప్పుమళ్ల ప్రక్కగా సముద్రమున కలియును. వంశధార యిచటికి మిక్కిలి దూరమున లేదు. అయినను నడుమ మిట్ట యున్నది. ఆ మిట్ట ఎంత స్వల్పమైనను నీటికి అదే సరిహద్దు.

తాటాకుటిల్లు చూడని వారుండరు. కొప్పుమీద పడిన వానలో ఒక చినుకు వీధిచూరునుండి జారును. దాని ప్రక్కనే, జానెడు దూరమున పడిన వేరొక చినుకు పెరటిచూరునుండి జారును. రెండును ఒకే మేఘమునుండి వచ్చినవే. అయినను ఒకటి వీధి కాలువలోను, మరియొకటి అరటిపాదులోను చేరును. భూమియు ఇట్టి కప్పులతో కూర్చిన పెద్ద ఊరు వంటిది. ఏ నేలపై పడిన నీరంతయు ఒకే యేటికి చేరునో ఆ నేలనంతటిని ఆ యేటి పరీవాహక ప్రదేశమందురు. రెండు పరీవాహక ప్రదేశముల నడుమనుండు కొప్పునకు జలవిభాజకమని పేరు. జిల్లాల యెల్లలను మనుష్యులు మార్చగలరు. 2022వ సంవత్సరమున మన జిల్లాలో కొంతభాగము పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. ఈ కొప్పులు మాత్రము అట్లు మారునవి కావు.

మన సీమకెల్ల పెద్దకొప్పు మహేంద్రగిరి. ఇది ఒడిశారాష్ట్రమునందలి గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. శిఖరమునుండి సముద్రము సుమారు ఇరువదియైదు కిలోమీటర్లు మాత్రమే. దేశమునకు తూర్పుకనుమలు చాలచోట్ల సముద్రమునకు దూరముగా నొదిగి డెల్టాలకు చోటిచ్చినవి. ఇచటనో, కొండ కడలిమీదికి తొంగిచూచుచున్నది. గోదావరి నాసిక సమీపమున పుట్టి 1,465 కిలోమీటర్లు నడచి గాని సముద్రమును చూడదు. మహేంద్రగిరి ప్రాంతమున పుట్టి బారువవద్ద సంగమించు మహేంద్రతనయ నూరు కిలోమీటర్లకు లోపలనే తన ప్రయాణమును ముగించును. కొండపై ప్రొద్దుట కురిసిన వాన మరునాటికి ఉప్పునీరైపోవుట ఇచట వింత కాదు.

ఈ మహేంద్రతనయ విషయమున ఒక చమత్కారము గలదు. ఆ పేరుగల నదులు రెండు. రెండును ఆ పర్వతప్రాంతమందే జనించినవి; పేరు పెట్టిన పెద్దలు ఇద్దరికిని ఒకే తండ్రిని చూపిరి. ఒకటి తూర్పుగా దిగి బారువకు పోవును. రెండవది పర్లాకిమిడి పట్టణమును ఒరసికొని పోయి వంశధారలో చేరి, తుదకు కళింగపట్టణమువద్ద సముద్రముజొచ్చును. ఇంటికప్పును గూర్చి నేను చెప్పిన మాటకు ఈ యక్కచెల్లెండ్రకంటె మంచి యుదాహరణము వెదకినను దొరకదు. ఉత్తరమున బాహుదానది గజపతి జిల్లా కొండలలో పుట్టి, ఇచ్ఛాపురము ప్రక్కగా కొంతదూరము మన రాష్ట్రమున నడచి, మరల ఒడిశాలో ప్రవేశించి సముద్రము జేరును.

ఇక వంశధారకును మహేంద్రతనయకును నడుమనున్న టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు సీమ ఏ పెద్ద నదికిని చెందినది కాదు. పలాస కాశీబుగ్గలవద్ద వరహాలుగెడ్డ వంటివే ఇచటి నదులు. నీటిపారుదలశాఖవారి పట్టికలలో నువ్వలరేవు, భావనపాడు అను పేర్లతో చిన్న పరీవాహక ప్రదేశములు కనబడును. ఆ పేర్లు సముద్రతీరపు ఊళ్లవే. నదికి వేరే పేరులేక, మొగవద్దనున్న ఊరిపేరే పెట్టవలసి వచ్చినదనిన, ఆ నది యెంతదో శ్రోతలే యూహింపవచ్చును.

ఈ సీమలో వానకు కొదువ లేదు. సంవత్సరమునకు సుమారు 1,100 మిల్లీమీటర్ల వర్షము సగటున పడుచుండును. అనంతపురమునకు ఇందు సగము మాత్రమే. జైసల్మేరునకు ఐదవవంతైనను లేదు. అట్లయ్యును చైత్రవైశాఖములందు మన ఆడువారు బిందెలు పట్టుకొని దూరపు నూతులకు నడచుచునే వచ్చిరి. దీనికి కారణము తెలియవలెనన్న నిజమైన ఎడారిసీమలను ఒక్కసారి చూచి రావలెను.

రాజస్థానమున అజమీరు చేరువ ఆరావళీ పర్వతములలో లూనీ యను నది పుట్టుచున్నది. లూనీ యనగా ఉప్పునది. బాలోత్రా వరకు దాని నీరు తియ్యనిదే. పిమ్మట నేలలోని ఉప్పు కరిగి చేరుటచే నీరు ఉప్పగిలును. కడకు ఆ నది సముద్రమును చేరకయే కచ్ఛపు రణములోని బురదలో అణగిపోవును. ఆస్ట్రేలియా ఖండమధ్యమున ఐర్ సరస్సు గలదు. ఆ ఖండములో సుమారు ఆరవవంతు భూమి తన నీటిని ఆ సరస్సువైపే పంపును. సరస్సు అడుగు సముద్రమట్టమునకు సుమారు 15 మీటర్లు దిగువన ఉండుటచే లోపలికి వచ్చిన నీటికి బయటకు బాట లేదు; ఎండకు ఆవిరియగుటయే గతి. పెక్కేండ్లు అది ఉప్పుపొర గట్టిన బీడు. ఎన్నడో గొప్పవాన కురిసినప్పుడు మాత్రము నిండి సముద్రమువలె కనబడును.

అచట నీటికి సముద్రమువరకు బాట లేదు. మన యొద్ద ఆ బాట మిక్కిలి పొట్టిది. వాన నాలుగునెలలు, అందును కొన్ని దినములలోనే, కుంభవృష్టిగా పడును. గెడ్డ పొంగి, గట్టు తెంచి, మూడవనాటికి ఇసుక చూపును. 2018 అక్టోబరు 11వ తేదీని పలాస సమీపమున తీరముదాటిన తిత్లీ తుపాను కొబ్బరితోటలను కూల్చి, వంశధారకు వరద తెచ్చినది. అంత నీరు చూచిన ఊళ్లే మరుసటి వేసవిలో నీటికి వెదకికొన్నవి. కావున ఇట్టిచోట వానయెంత యని అడుగుటకంటె, పడినది ఎచట ఎంతకాలము ఆగుచున్నదని అడుగుట మేలు.

అది ఆగుచోటులు ఇచట మూడు.

మొదటిది చెరువు. దీనిని గూర్చి రైతులకు నేను చెప్పవలసినది లేదు.

రెండవది ఉద్దానపు ఇసుక. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తీరమును ఉద్దానమందురు. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దల మాట. కొబ్బరి, జీడిమామిడి, పనసలతో పచ్చగానున్న ఆ తోటలనడుమ పెద్దయేరు కానరాదు. ఆ పచ్చదనమునకు నీరు ఎచటనుండి వచ్చుచున్నది? ఇసుక వాననీటిని పారనీయక మ్రింగివేయును. ఆ తీపినీరు క్రిందికి దిగి, సముద్రమునుండి నేలలోనికి వ్యాపించియున్న ఉప్పునీటిపై తేలియుండును. ఉప్పునీరు బరువు, తీపినీరు తేలిక. నీటిపై నూనె తేలినట్లు ఒకదానిపై ఒకటి నిలుచును. శాస్త్రజ్ఞుల లెక్కప్రకారము, తీపినీటి మట్టము సముద్రమట్టముకంటె ఒక అడుగు ఎత్తుననున్నచో, దాని క్రింద సుమారు నలుబది అడుగుల లోతువరకు తీపినీరే యుండును. ఇది వినుటకు ఆనందముగానే యున్నది. కాని లెక్కను తలక్రిందు చేసి చూడుడు. నూతిమట్టము ఒక అడుగు తగ్గినచో, క్రిందనుండి ఉప్పునీరు కాలక్రమమున నలుబది అడుగులు పైకి రాగలదు. ఏతముతో తోడినంతకాలము ఈ భయము స్వల్పము. విద్యుత్తుమోటారుతో రేయింబవళ్లు తోడువారు ఈ లెక్కను గోడమీద వ్రాసికొని యుంచుట మంచిది.

మూడవది బీల. తంపర యనియు కొన్నిచోట్ల అందురు. తీరపు ఇసుకదిబ్బలకు వెనుక, మెట్టకు దిగువన, పరచుకొన్న పల్లపునేలలివి. గెడ్డలనీరు సముద్రముజొచ్చుటకు ముందు ఇచట విస్తరించి నిలుచును. వరి పండును, చేపలు పెరుగును, పశువులు మేయును, చుట్టుప్రక్కల నూతులకు ఊట తగ్గదు. వరద వచ్చినపుడు ఊరిమీద పడవలసిన నీటిని బీల తనలో ఇముడ్చుకొనును. నౌపడ పల్లములు ఉప్పునీటి కుటుంబమునకు చెందినవి. ఆటునీటిని మళ్లలోనికి మళ్లించి ఉప్పు పండించుట అచట పాతవృత్తి. 1900 సంవత్సరమున నౌపడనుండి పర్లాకిమిడికి చిన్నరైలు నడచినది. ఆ చిత్తడినేలల చేరువనే తేలినీలాపురము గలదు. అచటి చెట్లపై ఏటేట గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును వచ్చి పిల్లలనుచేసి పోవుచుండును. పక్షులకు పన్నుపుస్తకములు తెలియవు. అయినను నీరు ఎచట ఆగునో వానికి తెలియును.

పన్నుపుస్తకముల మాట ఊరక తెచ్చినది కాదు. బీలలు పెక్కుచోట్ల ప్రభుత్వపు లెక్కలలో బంజరులు. పంటభూమి కాదు, అడవి కాదు, చెరువు కాదు; కనుక ఎందులకును పనికిరానిదని వ్రాతకు అర్థము చెప్పుట సులభము. సోంపేట బీలలో బొగ్గుతో విద్యుత్తు చేయు కేంద్రమును నిర్మింపబూనినప్పుడు రైతులును మత్స్యకారులును ఎదిరించిరి. 2010 జూలై 14వ తేదీని పోలీసుకాల్పులలో ఇద్దరు మరణించిరి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు అధికారసంస్థ ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణానుమతిని రద్దుచేసినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీని, టెక్కలికి దగ్గరనున్న కాకరాపల్లి తంపరలోని విద్యుత్కేంద్రమును గూర్చిన కలహమున మరల కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. విద్యుత్తు అక్కరలేదని నేననుట లేదు. నీరు ఆగు పల్లమును పూడ్చినచో ఆ నీరు మరియొకచోటికి పోవును. ఆ మరియొకచోట ఎవరి ఇల్లున్నదో ముందుగా చూడవలెను. జలవిభాజకముల పటమును ఎదుట పరచుకొనక నేలకు ధర కట్టుట, కప్పు చూడక ఇల్లు కొనుట వంటిది.

ఇక, తనది కాని నీటిని ఈ సీమకు తెచ్చిన వైనము చెప్పి ముగింతును. వంశధార ఒడిశాలోని కొండలలో పుట్టి సుమారు 254 కిలోమీటర్లు ప్రవహించును. దాని పరీవాహక ప్రదేశము సుమారు 10,830 చదరపు కిలోమీటర్లు. అందులో ముప్పాతికకు స్వల్పముగా తక్కువ ఒడిశాలోనే యున్నది. హిరమండలమువద్ద గొట్టా బారేజి కట్టి, ఎడమకాలువను మిట్టల నొరసికొనుచు టెక్కలి, పలాసలవైపు త్రవ్విరి. ప్రకృతి గీచిన కొప్పును ఇంజనీర్లు ఇట్లు దాటిరి. అయితే పై ఊళ్లు త్రాగగా మిగిలినదే కాలువ చివరకు చేరును. చివరిభూములవారి మొర ప్రతి కరవుయేటను వినవచ్చుచునే యున్నది. ఆ నీటిని పంచుకొనుటకు రెండు రాష్ట్రములు 1962లో ఒక యొడంబడిక చేసికొనినవి. పిమ్మట వివాదము ముదిరి 2010లో ట్రిబ్యునలు ఏర్పడినది. 2017 సెప్టెంబరులో అది తన తీర్పును వెలువరించినది.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను కుంగదీసినది. నూతినీటినే పెక్కురు అనుమానించిరి. ఎండలో శ్రమను, పురుగుమందులను మరికొందరు శంకించిరి. పరిశోధనలు పెక్కు జరిగినను మూలకారణము నేటికిని నిర్ధారణ కాలేదు. కారణము తేలువరకు దాహము ఆగదు గదా! అందుచే సుమారు 700 కోట్ల రూపాయలతో, హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా ఉద్దానపు ఏడు మండలములకు త్రాగునీరు తెచ్చు పథకమును నిర్మించి, 2023 డిసెంబరు 14వ తేదీని ప్రారంభించిరి. పలాసలో మూత్రపిండవ్యాధుల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును ఆ దినముననే తెరువబడినవి.

కవిటిలో నేడు గొట్టము త్రిప్పి చెంబు నింపుకొనువాడు ఒడిశా కొండలపై కురిసిన వానను త్రాగుచున్నాడు. ఆ నీరు నడుమనున్న గెడ్డలకొప్పులన్నిటిని దాటి వచ్చినది. కాని గొట్టములలో వచ్చునది త్రాగుటకు మాత్రమే. కొబ్బరిచెట్టు తడియవలెనన్న నేటికిని ఆ ఇసుకలోని నుయ్యియే గతి. ఆ నుయ్యి ఊరవలెనన్న కవిటిలో పడిన వాన కవిటిలోనే దిగవలెను.