దాచిన పాచిక

తెలుగువారి ఇండ్లలో వైకుంఠపాళి పటము పరచి కూర్చున్న పిల్లలను చూచినవారికి ఒక విషయము తెలిసియే యుండును. నిచ్చెన యెక్కినవాడు నవ్వును. పామునోట పడినవాడు మొగము ముడుచుకొనును. తుదివరుస వరకు వచ్చి, పెద్దపాము కాటునకు అడుగువరుసకు జారిపోయిన పిల్లవానికి కంట నీరు తిరుగుటయు కలదు. అయినను వాడు ఆట విడిచి పోడు. మరల గవ్వలు చేత పట్టును. ఏలయన, ఆ గవ్వలు అందరి కన్నులయెదుటనే పడినవి. వెల్లకిల ఎన్ని పడినవో, బోర్ల ఎన్ని పడినవో అందరును లెక్కించిరి. ఓటమి వాని పాలబడినది కాని, వానిని ఎవరును మోసగింపలేదు.

ఒకడు గోడవెనుక నిలిచి, తానే గవ్వలు వేయుచు, పడినవి ఇన్ని యని కేకవేసి చెప్పుచు, పందెమునకొక కాసు పుచ్చుకొనుచున్నచో ఆ పిల్లవాడు ఏమనును? ఇట్టి ప్రశ్నయే 2021వ సంవత్సరమున దక్షిణ కొరియా దేశమున వేలకొలది ఆటగాండ్ర నోట వెలువడినది. వారు ఆడినది గవ్వలాట కాదు. కంప్యూటరు తెరమీది ఆట. కాని వారి కోపమునకు కారణము గోడవెనుక పడిన గవ్వలే.

ఉచితముగా తెరచిన ద్వారము

కంప్యూటరు ఆటలకు తొలినాళ్లలో వెల స్పష్టముగా ఉండెడిది. ఆటను ఒక్కసారిగా కొనువారు కొందరు. నెలకింత యని చందా చెల్లించువారు కొందరు. ఈ పద్ధతిని మార్చినవారిలో 1994లో స్థాపితమైన నెక్సాన్ అను కొరియా సంస్థ ముఖ్యమైనది. 1999లో అది 'క్విజ్ క్విజ్' అను ప్రశ్నోత్తరముల ఆటను ప్రారంభించినది. నెలచందా విధింపగా ఆడువారు తగ్గిపోయిరి. అంతట 2001లో చందాను ఎత్తివేసి, ఆటను ఉచితము చేసి, ఆటలోని బొమ్మమనుషులకు తొడుగు దుస్తులు మొదలైన అలంకారములను అమ్మసాగిరి. వ్యాపారము నిలిచినది. తరువాత ఈ పద్ధతి లోకమంతయు వ్యాపించినది.

ఇందు తప్పేమియు లేదు. తిరునాళ్లకు పోవువారు ప్రవేశమునకు రుసుము చెల్లింపరు. రంగులరాట్నము ఎక్కువారికి, గాజులు కొనువారికి మాత్రమే ఖర్చు. కొననివారు కొన్నవారిని చూచి సంతోషింతురు. కొననివారు కూడ ఉండుటచేతనే తిరునాళ్లకు తిరునాళ్లకళ వచ్చుచున్నది. ఉచితముగా ఆడు లక్షలమంది లేనిచో, ఖరీదైన చొక్కా తొడిగిన బొమ్మను చూచి మెచ్చువారెవరు?

కాని అదే తిరునాళ్లలో కుస్తీపోటీ జరుగుచుండగా, బలమును పొట్లము కట్టి అమ్మువాడు గోదాప్రక్కనే దుకాణము తెరచినచో సంగతి వేరగును. గాజులు కొనని స్త్రీకి కలుగని బాధ, పొట్లము కొనలేని మల్లునికి కలుగును. ఏండ్ల తరబడి సాము చేసిన దేహము ఒక్క నాణెము ముందు తేలికయైపోవును. ఉచితపు ఆటలను గూర్చి ఆటగాండ్రు చెప్పుకొను బాధలలో మొదటిది ఇదియే. సొగసును అమ్మిన సహింతురు. బలమును అమ్మిన సహింపరు.

మాయపెట్టె

2003లో కొరియాలో వెలువడిన 'మేపుల్ స్టోరీ' ఇట్టి ఉచితపు ఆట. నత్తలు, పుట్టగొడుగులు మొదలైన వింతప్రాణులతో పోరాడుచు, క్రమక్రమముగా పెద్ద రాక్షసులను ఎదుర్కొనుట అందలి కథ. పిల్లలును పెద్దలును దానిని ఏండ్లకొలది ఆడిరి. 2010 మే నెలలో నెక్సాన్ ఈ ఆటలో 'క్యూబ్' అను ఘనాకారపు వస్తువును ధనమునకు అమ్మదొడగినది.

క్యూబ్ తానుగా ఆయుధము కాదు. ఆటగాని వద్దనున్న కత్తికో, తొడుగునకో దానిని ప్రయోగించినచో, ఆ వస్తువునందలి గుప్తశక్తులు మారును. ఏ శక్తి వచ్చునో ఎవరికిని తెలియదు. మంచిది రావచ్చును, పనికిరానిది రావచ్చును. నచ్చనిచో ఇంకొక క్యూబ్ కొని మరల ప్రయోగింపవలెను. అప్పుడు ఎర్ర క్యూబ్ వెల 1,200 వోన్‌లు. నల్ల క్యూబ్ వెల 2,200 వోన్‌లు. ఇచట అమ్మబడినది బలము కూడ కాదు. బలము లభింపవచ్చునన్న ఆశ. కుస్తీగోదాప్రక్కన బలపుపొట్లము అమ్మువాడు ఇప్పుడు పొట్లము విప్పి చూపుటయు మానివేసినాడన్నమాట.

నల్ల క్యూబ్ 2013 జులై నెలలో వచ్చినది. వస్తువును అత్యున్నతశ్రేణికి చేర్చుటలో దాని సంభావ్యత మొదట నూటికి 1.8. ఆ సంవత్సరము డిసెంబరు నాటికి దానిని కొద్దికొద్దిగా తగ్గించుచు 1.4కు దింపిరి. 2016 జనవరిలో 1కి దింపిరి. కొనువారికి ఈ మార్పులను తెలుపలేదు. ఈ సంగతులు అనంతరము ప్రభుత్వ విచారణలో బయటపడినవి.

పదవతరగతి విద్యార్థి కూడ చేయగల లెక్క యిది. సంభావ్యత నూటికి 1.8 అయినపుడు, ఒక విజయమునకు సగటున 56 క్యూబ్‌లు కావలెను. ఖర్చు సుమారు 1,22,000 వోన్‌లు. నూటికి 1 అయినపుడు సగటున 100 క్యూబ్‌లు. ఖర్చు 2,20,000 వోన్‌లు. పెట్టెపై వ్రాసిన వెల మారలేదు. విజయపు వెల మాత్రము దాదాపు రెట్టింపైనది. బియ్యపు వర్తకుడు ధర పెంచక, మానిక అడుగున చెక్క బిగించినట్లున్నది ఈ పని.

సున్న

ఇంతకంటె వింతయైనది మరియొకటి కలదు. క్యూబ్ ప్రయోగించినపుడు ఒక వస్తువునకు మూడు శక్తులు వరుసగా వచ్చుటకు వీలున్నది. మహారాక్షసులను గట్టిగా దెబ్బతీయు శక్తి ఆటగాండ్రకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. మూడు వరుసలలోను ఆ శక్తియే వచ్చినచో వాని అదృష్టమునకు మేర లేదని అందరును తలచిరి. ఆ అదృష్టము కొరకు నూర్లకొలది క్యూబ్‌లు కొన్నవారున్నారు.

అట్టి కూర్పు రాదు. 2011 ఆగస్టు నుండి 2021 మార్చి వరకు దాని సంభావ్యత సున్న. మరి 2011 ఆగస్టులో ఆ మార్పు చేసిననాడు సంస్థ ఇచ్చిన ప్రకటనలో, క్యూబ్ పనితీరునందు మార్పేమియు లేదని ఉన్నది.

నూటికి ఒకటియైన సంభావ్యత చిన్నదే. కాని అది ఒక ఆశకు ఆధారము కాగలదు. సున్నను ఎంత పెద్దసంఖ్యచే గుణించినను సున్నయే. వేయి క్యూబ్‌లు కొన్నవానికిని, ఒక్కటియు కొననివానికిని ఆ కూర్పు విషయమున భేదము లేదు. దాదాపు పదేండ్ల కాలము మనుషులు ఒక గోడను తలుపని తలచి తట్టిరి. తెరువబడకపోయినపుడు తమ దురదృష్టమును నిందించుకొనిరి. ఆటలో ఓడినవాడు తన్ను తాను నిందించుకొనుట ధర్మమే. ఆడుటకే వీలులేని ఆటలో ఓడినవానిచేత అట్లు నిందింపజేయుట ధర్మము కాదు.

ఈ రహస్యము బయటపడిన తీరు కూడ విచిత్రము. 2021 ఫిబ్రవరిలో సంస్థ మరియొక వస్తువును గూర్చి ప్రకటన చేయుచు, ఇకమీదట దానివలన కలుగు శక్తులన్నియు సమానమైన సంభావ్యతతో వచ్చునని వ్రాసినది. చదివినవారు చకితులైరి. ఇకమీదట సమానమైనచో, ఇంతవరకు సమానము కాదన్నమాట. ఒక్క మాట పది సంవత్సరముల అనుమానమును మేల్కొలిపినది. ఆటగాండ్రు చందాలు వేసికొని, విద్యుద్దీపాక్షరముల ఫలకములు అమర్చిన లారీలను అద్దెకు తెచ్చి, సంస్థ కార్యాలయము ఎదుట నిలిపిరి. మార్చి మొదటివారమున సంస్థ క్యూబ్‌ల సంభావ్యతలను వెల్లడించినది. ఆ పట్టికలలోనే సున్న అందరికిని కనబడినది.

గమనింపదగినదేమన, ఈ కోపము ఓటమిని గూర్చినది కాదు. లోభముచేత కొని నష్టపడినవారి ఏడుపని దీనిని తోసివేయుటకు వీలులేదు. ధనము పెట్టనివారును ఈ నిరసనను సమర్థించిరి. ఇంతకాలము వారు, 'ధనవంతులు గెలుపును కొనుచున్నారు, మేము కొనలేకున్నాము' అని బాధపడిరి. కొన్నవారికి కూడ చేరవలసినది చేరలేదని ఇప్పుడు తెలిసినది. పొట్లము కొనలేని మల్లుడును, కొన్న మల్లుడును ఒకే గోదాలో ఓడిపోయిరి. గెలిచినది దుకాణము.

తీర్పులు

2024 జనవరి 3వ తేదీన కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్, అనగా వర్తకమున న్యాయమును కాపాడు ప్రభుత్వసంఘము, నెక్సాన్ సంస్థపై సుమారు 1,160 కోట్ల వోన్‌ల జరిమానా విధించినది. సంభావ్యతలను వెల్లడింపవలెనన్న చట్టము లేని కాలపు పనులకు తమ్ము శిక్షించుచున్నారని సంస్థ వాదించినది. ఈ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. చెప్పవలెనన్న నియమము అప్పుడు లేదు. కాని సంభావ్యతను చెప్పకుండుట వేరు, దానిని మార్చి ఆ మార్పును దాచుటయు, మార్పులేదని చెప్పుటయు వేరు. కమిషన్ తప్పుపట్టినది ఈ రెండవదానిని.

అదే జనవరిలో నెక్సాన్ తన దేశమునందలి ఆటలో క్యూబ్‌ల అమ్మకమును ముగింతుమని ప్రకటించినది. గుప్తశక్తులను మార్చుకొనుట ఇకపై ఆటలో ఆడి సంపాదించిన నాణెములతోనే సాధ్యమగునన్నది. 2024 మార్చి 22 నుండి, ఇట్టి వస్తువుల సంభావ్యతలను విధిగా ప్రకటింపవలెనన్న చట్టము కొరియాలో అమలునకు వచ్చినది. సెప్టెంబరులో వినియోగదారుల సంస్థ మధ్యవర్తిత్వమున సుమారు 8 లక్షలమంది ఆటగాండ్రకు 2,190 కోట్ల వోన్‌ల మేర పరిహారము నిశ్చయమైనది. నవంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, ఒక ఆటగానికి అతడు వెచ్చించిన ధనములో నూటికి 5 వంతులు తిరిగి చెల్లింపవలెనన్న క్రింది న్యాయస్థానపు తీర్పును స్థిరపరచినది. నూటికి అయిదే యని నవ్వవచ్చును. కాని ఆటవస్తువు అమ్మకము కూడ అమ్మకమే యని, అందును కొనువానిని మోసగింపరాదని చెప్పుటకు ఆ అయిదు చాలినవి.

ఇతర దేశములును ఊరక లేవు. ముక్కలన్నిటిని చేర్చినవానికే పెద్ద బహుమతి దొరకు ఒకవిధమైన పెట్టెల అమ్మకమును జపాను ప్రభుత్వము 2012లో అక్రమమన్నది. చైనా 2017 నుండి సంభావ్యతల ప్రకటనను విధించినది. బెల్జియమునందలి జూదనియంత్రణ సంఘము 2018లో కొన్ని ప్రసిద్ధమైన ఆటలలోని పెట్టెలు జూదమే యని నిర్ణయించినది. ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో, తన అంగడియందలి ఆటలలో ఇట్టి పెట్టెలు అమ్మువారు కొనుటకు ముందే సంభావ్యతలను చూపవలెనని నియమించినది.

తరగతిగదిలో చింతగింజలు

తెలుగునాట పిల్లల చేతులలోని ఫోనులందును ఉచితపు ఆటలు కలవు. వానిలోను రంగురంగుల పెట్టెలు కలవు. ఆ పెట్టెల ప్రక్కన ఏదో ఒక మూల చిన్న అక్షరములలో సంఖ్యలు ఉండును. నూటికి ఒకటి యని చదివిన బాలుడు, నూరు పెట్టెలు తెరచినచో ఒకటి తప్పక దొరకునని తలచును. పెద్దలును అట్లే తలతురు. అది నిజము కాదు.

దీనిని బోధించుటకు కంప్యూటరు అక్కరలేదు. ఒక డబ్బాలో 99 చింతగింజలు వేసి, నూరవదానికి సున్నము పూసి కలుపవలెను. కన్నులు మూసికొని ఒక గింజను తీయుట, చూచుట, మరల వేసి కలుపుట. ఇట్లు నూరుసారులు చేసినను తెల్లగింజ ఒక్కసారియు చేతికి రానివారు సగటున నూటికి 37 మంది యుందురు. 0.99ని నూరుసారులు గుణించి చూచినచో ఈ సంఖ్యయే వచ్చును. డబ్బాకు జ్ఞాపకశక్తి లేదు. తొంబదితొమ్మిదిసారులు ఓడినవానిపై జాలిపడి నూరవసారి అది తెల్లగింజను ఇయ్యదు. ఈ ఒక్క పాఠము బాగుగా పట్టుబడిన విద్యార్థి, పెట్టె కొనుటకు ముందు ఒక క్షణము ఆగును.

అయితే కొరియాలో జరిగినదానికి ఈ పాఠము సగమే. మిగిలిన సగమును బోధింపదలచిన ఉపాధ్యాయుడు ఒకదినమున, ఎవరికిని చెప్పకుండ, తెల్లగింజను తీసి జేబులో వేసికొని, డబ్బాను పిల్లలకు ఇచ్చి చూడవలెను. వారు తీయుదురు, వేయుదురు, మరల తీయుదురు. దొరకనివాడు ప్రక్కవాని అదృష్టము మంచిదేమోనని వానికి డబ్బాను అందించును. ఒకడు చేయి మార్చి చూచును. గంట కొట్టు వేళకు ఉపాధ్యాయుడు జేబులోని గింజను తీసి బల్లపై పెట్టవలెను.

అప్పుడు ఆ తరగతిలో లేచు గగ్గోలు, అంతవరకు ఓడినందుకు కాదు. గింజ లేని డబ్బాను తమచేత వెదకించినందుకు. ఆ గగ్గోలును ఉపాధ్యాయుడు వెంటనే అణచరాదు. లెక్కల పుస్తకము బోధింపలేని దానిని ఆ పిల్లలు అప్పుడే నేర్చుకొనిరి. మరునాడు డబ్బా చేతికి రాగానే మొదట దానిని బల్లపై బోర్లించి, తెల్లగింజ ఉన్నదో లేదో చూచుకొని, అప్పుడు ఆట మొదలుపెట్టుదురు.