ఎస్-9: ఒక పాత మోటారు, ఎన్నో కొత్త కొలువులు

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి నుంచి 2016 మే 23 ఉదయం ఏడు గంటలకు ఒక వాహనం లేచింది. పైభాగాన ఆరున్నర మీటర్ల పొడవున్న రెక్కల విమానం, కింద దాన్ని మోస్తూ ఒకే ఒక్క ఘన ఇంధన రాకెట్. మళ్లీ మళ్లీ వాడుకోగల వాహక నౌక కోసం ఇస్రో చేసిన తొలి పరీక్ష అది. అందరి చూపూ రెక్కల మీదే నిలిచింది. అది న్యాయమే గానీ, కింద భారం మోసిన హెచ్‌ఎస్-9 అనే రాకెట్‌కు అంతకంటే పెద్ద చరిత్ర ఉంది. దాని వంశం 1979 ఆగస్టు 10న ఇదే దీవి నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశ దగ్గర మొదలవుతుంది. ఎస్-9 అనే ఆ మోటారు ఆ తర్వాత ఏఎస్‌ఎల్‌వీకి నడిమి స్తంభమైంది, పక్క బూస్టరూ అయింది. పీఎస్‌ఎల్‌వీ చుట్టూ ఆరుగా అమరింది. మధ్యలో ఒక క్షిపణికీ ఆధారమైంది. ఉన్న సామానుతోనే సర్దుకుని చౌకగా రాకెట్లు కట్టుకున్నామని ఈ కథను మనం గర్వంగా చెప్పుకుంటాం. అందులో సగమే నిజం. పాత భాగం పాతది కావడం వల్ల చౌక అవదు. దాని గుణదోషాలు కట్టేవాడికి ఎంత తెలుసో అంత మేరకే అది చౌక. తెలియని పాత భాగం కొత్తదానికంటే ఖరీదైపోతుంది. ఎస్-9 చరిత్ర, దాని పక్కనే నడిచిన మరికొన్ని యంత్రాల చరిత్ర చూస్తే ఈ తేడా తేటగా కనిపిస్తుంది.

ముందు ఆ మోటారును దగ్గరగా చూడాలి. సుమారు మీటరు వ్యాసం, పది మీటర్ల పొడవు ఉన్న ఉక్కు గొట్టం అది. లోపల తొమ్మిది టన్నులకు కాస్త అటూ ఇటూగా ఘన ఇంధనం, అడుగున నాజిల్. మంట ముప్పావు నిమిషం చుట్టుపక్కల ముగిసిపోతుంది. ఇందులోని రసాయన సూత్రం ఈ సరస్సు ఒడ్డుకు కొత్త కాదు. 1613లో డచ్చివాళ్లు సరస్సు దక్షిణపు కొసన పులికాట్ ఊళ్లో గెల్డ్రియా కోట కట్టారు, అక్కడ తుపాకి మందు తయారుచేసి బటావియాకు పంపారు. తుపాకి మందులో బొగ్గు, గంధకం మండుతాయి, వాటికి కావలసిన ఆక్సిజన్‌ను సురేకారం అందిస్తుంది. అందుకే ఆ మంటకు బయటి గాలితో పని లేదు. రాకెట్ మోటారులో సురేకారం స్థానంలో అమోనియం పర్‌క్లోరేట్, బొగ్గు స్థానంలో అల్యూమినియం పొడి, ఈ రెంటినీ పట్టి ఉంచే రబ్బరు లాంటి పాలిమర్ ఉంటాయి. ఈ ముద్దను గొట్టంలో పోసేటప్పుడు నడుమ ఒక అచ్చు కడ్డీ నిలుపుతారు. ముద్ద గట్టిపడ్డాక కడ్డీని లాగేస్తే లోపల నిలువునా బోలు మిగులుతుంది. మంట ఆ బోలు గోడల మీద అంటుకుని బయటివైపు తింటూ వస్తుంది. గోడల వైశాల్యం ఎంతో, ఆ క్షణాన పుట్టే వాయువు అంత. కాబట్టి బోలు ఆకారమే మోటారు బలాన్ని క్షణక్షణానికీ నిర్ణయిస్తుంది. ముద్దలో ఎక్కడైనా పగులు ఉంటే మండే వైశాల్యం ఒక్కసారిగా పెరుగుతుంది, పీడనం హద్దు దాటి గొట్టం పేలిపోవచ్చు.

ఘన ఇంధన మోటారుకు ఇంకో లక్షణం ఉంది, ఈ వ్యాసానికి అదే కీలకం. అంటించాక దాన్ని ఆర్పడం కుదరదు. ద్రవ ఇంధన ఇంజన్‌ను పరీక్షా వేదిక మీద కొన్ని సెకన్లు మండించి, ఆపి, చూసుకుని, అదే ఇంజన్‌ను ఎగరేయవచ్చు. ఘన మోటారును పరీక్షించడమంటే కాల్చేయడమే. ఎగరబోయే మోటారు మీద నమ్మకం దాని తోబుట్టువుల వల్లే కలగాలి. అదే అచ్చులో, అదే పాళ్లతో, అదే వేడిమిలో తయారై ముందే కాలిపోయిన మోటార్లు చెప్పిన సాక్ష్యమే దానికి పూచీకత్తు. ఎన్ని కాలితే అంత నమ్మకం. అందువల్ల ఘన మోటారు విషయంలో పాత నమూనాను వదలకపోవడం పిసినారితనం కాదు. ప్రతి ప్రయోగమూ తర్వాతి ప్రయోగానికి పరీక్షగా కూడా పనికొస్తుంది. కొత్త నమూనా గీస్తే ఆ సాక్ష్యమంతా పక్కన పెట్టి మొదటి నుంచీ కాల్చుకుంటూ రావాలి.

ఎస్‌ఎల్‌వీ-3 చిన్న రాకెట్. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, మోయగలిగింది 40 కిలోలు. అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న ఆ వాహనం తొలి ప్రయోగంలో రెండో దశ నియంత్రణ వ్యవస్థ దెబ్బతిని సముద్రంలో పడింది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 1983 ఏప్రిల్ 17 దాకా మొత్తం నాలుగుసార్లు ఎగిరింది. నాలుగు ప్రయోగాలతో ఆ వాహనం పని అయిపోయింది గానీ మొదటి దశ తాలూకు అచ్చులు, పరికరాలు, కొలతల పుస్తకాలు, వాటితో చేయి తిరిగిన మనుషులు మిగిలారు. తర్వాతి వాహనాలకు అందివచ్చిన మిగులు సామాను ఇదే. పాత గొట్టాలను ఎవరూ సముద్రంలోంచి తీసుకురాలేదు. ప్రతి మోటారూ కొత్తగా పోసినదే. ఇంధనాన్ని పట్టి ఉంచే పాలిమర్ కూడా మారింది. ఎస్‌ఎల్‌వీ-3లో పీబీఏఎన్ ఉండేది, ఏఎస్‌ఎల్‌వీ నాటికి హెచ్‌టీపీబీ వచ్చింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది, అది బలమైనది. తెలిసిన మోటారే అంత భరోసా ఇచ్చేదయితే ఏఎస్‌ఎల్‌వీ ఎందుకు వరసగా రెండుసార్లు కూలింది? ఎస్‌ఎల్‌వీ-3నే నడుమ నిలబెట్టి, దాని మొదటి దశ లాంటి మోటార్లనే రెండు పక్కలా కడితే 150 కిలోలు మోయవచ్చన్నది ఆలోచన. కాగితం మీద ఇంతకంటే పొదుపైన వాహనం లేదు. 1987 మార్చి 24న పక్క మోటార్లు మండిపోయాయి గానీ నడిమి మోటారు అంటుకోలేదు. 1988 జులై 13న అన్నీ అంటుకున్నా వాహనం అదుపు తప్పి విరిగిపోయింది. లోతుగా చూస్తే ఆ రెండో వైఫల్యం నేర్పిన పాఠం విలువైనది. పక్క మోటార్లు రెండూ సరిగ్గా ఒకే క్షణాన ఆరిపోవు. ఒకటి ముందుగా నీరసిస్తే రెండోది వాహనాన్ని పక్కకు తిప్పుతుంది. ఆ సమయానికి నడిమి మోటారు ఇంకా పూర్తి బలం అందుకోకపోతే దిద్దుకునే దిక్కుండదు. అదీ గాలి ఒత్తిడి తీవ్రంగా ఉండే ఎత్తులో జరిగింది. ఎస్‌ఎల్‌వీ-3లో ఈ మోటారు ఒంటరిగా పని చేసింది కాబట్టి మరో మోటారు పక్కన అది ఎలా ఆరిపోతుందన్న ప్రశ్నే అప్పుడు రాలేదు. భాగం తెలిసినదే, అతుకు తెలియదు. ఆ తర్వాత రాకెట్ అడుగున రెక్కలు చేర్చారు. నడిమి మోటారును గడియారం లెక్కతో కాకుండా పక్క మోటార్ల బలం తగ్గడాన్ని పసిగట్టి అంటించే ఏర్పాటు చేశారు. 1992 మే 20న వాహనం కక్ష్యకు చేరింది, 1994 మే 4న పూర్తిగా విజయవంతమైంది. కాబట్టి ఏఎస్‌ఎల్‌వీ నా వాదానికి ఎదురు సాక్ష్యం కాదు, దానికి హద్దు గీసే సాక్ష్యం. పాత భాగం గురించిన తెలివిడి పాత పరిస్థితులకే చెల్లుతుంది. కొత్త కలయిక తెచ్చే అజ్ఞానానికి విడిగా ధర చెల్లించాలి, ఏఎస్‌ఎల్‌వీ ఆ ధర చెల్లించింది.

ఆ చెల్లింపు ఫలం పీఎస్‌ఎల్‌వీకి దక్కింది. దాని మొదటి దశ 2.8 మీటర్ల వ్యాసం, సుమారు 138 టన్నుల ఇంధనం ఉన్న పెద్ద మోటారు. దాని చుట్టూ ఆరు ఎస్-9లు. నాలుగు నేల మీద, రెండు లేచిన సుమారు 25 సెకన్లకు గాలిలో వెలిగే పద్ధతి స్థిరపడింది. 1993 సెప్టెంబరు 20న తొలి ప్రయోగం విఫలమైంది. ప్రధాన దోషం నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో దొరికింది, పక్క మోటార్లలో కాదు. 1994 అక్టోబరు 15న గెలిచింది. ఆరు చిన్నవాటి బదులు రెండు పెద్ద బూస్టర్లు పెట్టి ఉంటే బలం ఎక్కువ వచ్చేది కదా అని అడగవచ్చు. వచ్చేదే. అయితే చిన్న మోటారు ఇచ్చే వెసులుబాటు పోయేది. 2007 ఏప్రిల్ 23న ఇటలీకి చెందిన ఎజైల్ ఉపగ్రహం తేలికగా ఉండటంతో పక్క మోటార్లు ఒక్కటీ లేకుండానే పీఎస్‌ఎల్‌వీ ఎగిరింది. చంద్రయాన్-1 బరువుకు ఆరూ చాలలేదు. అప్పుడు అదే మోటారును పొడిగించి 12 టన్నుల ఇంధనం పట్టేలా ఎస్-12 చేసి 2008 అక్టోబరు 22న పంపారు. 2019లో రెండు ఎస్-12లతో ఒకసారి, నాలుగింటితో రెండుసార్లు ఎగిరింది. బరువును బట్టి మోటార్ల సంఖ్య మారుతుంది, కర్మాగారంలో అచ్చు మారదు. పీఎస్‌ఎల్‌వీ మీదే వెళ్లిన మంగళయాన్ మొత్తం ఖర్చు 450 కోట్ల రూపాయలలో ముగియడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఆ యాత్ర కోసం కొత్త రాకెట్ కట్టనక్కర లేకపోయింది.

ఇప్పుడు మిగులు సామాను అనే మాటకు మామూలు అర్థం తీసుకుందాం. ఎక్కడో ఎవరో తయారుచేసి, వాడకుండా వదిలేసిన వస్తువును కొనడం. జపాన్‌లో, అమెరికాలో ఎయిర్‌సాఫ్ట్ ఆట తుపాకులు కట్టుకునే అభిరుచి ఉన్నవాళ్లు పాత సైనిక తుపాకుల చెక్క మడమలు, లోహపు తొడుగులు తెచ్చుకుంటారు. లోపల మాత్రం స్ప్రింగు, పిస్టన్‌తో గాలిని తోసి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండును విసిరే కొత్త యంత్రం పెడతారు. అది తెలివైన పద్ధతి. పాతది పట్టుకోవడానికి మాత్రమే, బలం పుట్టే చోట పాతదాన్ని నమ్మరు. రాకెట్లలో బలం పుట్టే చోటే పాత లోహం వచ్చి కూర్చుంటుంది. సోవియట్ చంద్రయాత్ర కోసం ఉద్దేశించిన ఎన్-1 రాకెట్ కోసం 1970ల తొలినాళ్లలో తయారైన ఎన్‌కే-33 ఇంజన్లు గోదాముల్లో పడి ఉంటే, అమెరికన్ కంపెనీలు కొని ఆంటారెస్ రాకెట్‌కు వాడాయి. 2014 అక్టోబరు 28న వర్జీనియా తీరంలో ఇంజన్ పంపు చెడి, రాకెట్ లేచిన కొద్ది సెకన్లకే తిరిగి నేల మీద పడి పేలింది. ఆ తర్వాత ఆ ఇంజన్లను మానేశారు. అదే దేశంలో, వాడకం నుంచి తీసేసిన క్షిపణుల మోటార్లతో మినోటార్ రాకెట్లు చక్కగా ఎగురుతున్నాయి. ఆ మోటార్లు ఏటేటా ఎలా ముసలివవుతున్నాయో వాటిని తయారుచేసిన దేశమే దశాబ్దాలుగా పరీక్షిస్తూ వచ్చింది. రెండూ పాత లోహమే, తెలివిడిలోనే తేడా.

మనకూ అలాంటి అనుభవం ఉంది, అదీ శ్రీహరికోటలోనే. జీఎస్‌ఎల్‌వీ రాకెట్ పైదశకు అతిచల్లని ద్రవాలతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్ కావాలి. 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో సాంకేతిక పరిజ్ఞానంతో సహా ఒప్పందం కుదిరింది. 1992లో అమెరికా ఆంక్షలు పెట్టింది, 1993లో రష్యా పరిజ్ఞానం ఇవ్వకుండా తయారైన దశలు మాత్రమే అమ్ముతానంది. అలా ఏడు దశలు వచ్చాయి. వాటి ఇంజన్ మూలం కూడా ఎన్-1 రాకెట్ కోసం గీసి ఎన్నడూ ఎగరని పైదశ ఇంజనే. వస్తువు చేతికి వచ్చింది, తెలివిడి రాలేదు. మొదటి ప్రయోగాలకు ఆ దశలు మేలు చేశాయి, అది కాదనలేం. 2001 ఏప్రిల్ 18న జీఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరింది వాటి వల్లే. కానీ 2010 డిసెంబరు 25న ఆ రష్యన్ దశ కింది భాగంలోని తీగల కనెక్టర్లు ఊడిపోయి, పక్క మోటార్లకు ఆదేశాలు అందక, వాహనాన్ని గాలిలోనే పేల్చేయాల్సి వచ్చింది. దశ మీది తొడుగు గాలి ఒత్తిడికి వంగడం దానికి మూలమని తేలింది. అదే ఏడాది ఏప్రిల్ 15న మన సొంత క్రయోజెనిక్ దశ కూడా విఫలమైంది. కానీ మన దశను మనమే విప్పి, దిద్ది 2014 జనవరి 5న గెలిచాం. కొన్న దశ విఫలమైతే తర్వాతి మెట్టు చూపదు. సొంత దశ వైఫల్యమూ ఆస్తిలోనే చేరుతుంది.

ఇంకో అభ్యంతరాన్ని దాటవేయకూడదు. 1989 మే 22న చాందీపూర్ నుంచి ఎగిరిన తొలి అగ్ని క్షిపణి మొదటి దశ ఎస్‌ఎల్‌వీ-3 మోటారు నుంచే వచ్చింది. ఉపగ్రహం కోసం పుట్టిన యంత్రాన్ని ఆయుధానికి ఇచ్చారని బయటి దేశాలు వేలెత్తి చూపాయి. వారి మాటలో వాస్తవం ఉంది. పరిచయమైన మోటారు ఎవరికైనా అందివస్తుంది, మంటకు ఉద్దేశం ఉండదు. అయితే ఆ భయంతో పెట్టిన ఆంక్షలు క్రయోజెనిక్ ఇంజన్ మీద పడ్డాయి. అతిచల్లని ద్రవాలతో నింపి ఎక్కువ సేపు సిద్ధంగా ఉంచలేని ఆ ఇంజన్ క్షిపణికి ఏమాత్రం సరిపడదు. ఏ భాగం దేనికి పనికొస్తుందో తెలియక వేసిన నిషేధం అది.

పాతదాన్నే పట్టుకుంటే కొత్తదనం రాదన్న మాట కూడా వినిపిస్తుంది. హెచ్‌ఎస్-9 దానికి సమాధానం. రెక్కల విమానాన్ని మోయడానికి ముప్పావు నిమిషంలో దూసుకుపోయే మోటారు పనికిరాదు, గాలి ఒత్తిడికి రెక్కలు నిలవవు. అందుకని తొమ్మిది టన్నుల మోటారులో నిదానంగా కాలే ఇంధనం పోశారు. అది 91.1 సెకన్లు మండింది. 56 కిలోమీటర్ల ఎత్తున విమానం విడివడి 65 కిలోమీటర్ల దాకా వెళ్లింది. అన్నీ తెలిసిన మోటారు కాబట్టి ఒక్క గుణాన్ని ఇంత ధైర్యంగా మార్చగలిగారు. ఉపగ్రహాన్ని వదిలేశాక కక్ష్యలో వ్యర్థంగా తిరిగే పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను ప్రయోగశాలగా మార్చిన పోయెమ్ కూడా ఈ దారిలోదే. 2022 జూన్ 30న మొదలైన ఆ పద్ధతిలో, 2024 డిసెంబరు 30న వెళ్లిన నాలుగోదానిలో అలసంద గింజలు మొలకెత్తాయి.

మున్ముందు రెక్కల వాహనాన్ని కక్ష్య దాకా పంపి దింపాలన్నది ఇస్రో ఆలోచన. దానికి జీఎస్‌ఎల్‌వీ నుంచి క్రయోజెనిక్ దశ తీసేసి పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను అమర్చే ప్రతిపాదన ఉంది. రెండు వాహనాల దశలూ విడివిడిగా బాగా తెలిసినవే. వాటి నడుమ వచ్చే అతుకులను, తల మీద రెక్కలు మోసే కొత్త ముక్కును మాత్రం ఏఎస్‌ఎల్‌వీ రోజుల్లోలాగే మొదటి నుంచీ పరీక్షించాలి. బడ్జెట్లో పెద్ద వాటా అక్కడికే వెళ్లాలి.